అలకబండ

జూన్ 19

పొద్దున్నుంచీ చేతులనిండా సున్నమే. కానుగచెట్టు నీడ ఎక్కడిదాకా వస్తుందో గంటగంటకూ పిల్లలచేత గీత గీయించాను. తొమ్మిదికి పడమటి ప్రహరీ దాకా సాగింది. పన్నెండుంబావుకు మాను చుట్టూ ముడుచుకుంది, ఒక రెండడుగులు దక్షిణానికి జరిగి. ఐదో తరగతి వాళ్లు అడుగులతో కొలిచి నోటుబుక్కుల్లో రాసుకున్నారు.

రెండు గదులు, ఐదు తరగతులు. ఒకే గదిలో ఒకళ్ల ఎక్కాలు ఇంకొకళ్ల పద్యంలో కలిసిపోతుంటే, కనీసం ఒక తరగతినైనా చెట్టు కిందికి తోలితే అందరికీ మేలని సారూ నేనూ ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. ఊళ్లో ఒకాయన పాత మిద్దె పడగొడుతూ పద్దెనిమిది కడప బండలు ఇస్తానన్నాడు. ట్రాక్టరు బాడుగ మాది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీకి ఒకసారి వెళ్లాను. 1926లో జిడ్డు కృష్ణమూర్తి ఆ లోయను బడికి ఎంచుకున్నది అక్కడి పెద్ద మర్రిని చూసేనని చెబుతారు. వాళ్లు చెట్టును చూసి బడి పెట్టారు. మా కానుగ మాత్రం, పునాదికి అడ్డం రాలేదు కాబట్టి బతికిపోయింది.

జూన్ 26

మేస్త్రితో వాదన. నేను గీతలు చూపించి, ఇక్కడ అర్ధచంద్రాకారంగా బండలు పరిచి సిమెంటు పెట్టమన్నాను. ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"సిమెంటు వద్దు మేడమ్. నీడ ఒగచోట ఉంటాదా? ఈ నెల నీడను జూసి కడితే సంకురాత్రికి పిలకాయల్ని ఎండలో కూసోబెట్టినట్టే."

"ఊరికే పరిస్తే కింద తేళ్లు చేరతాయి కదా మేస్త్రీ?"

"కట్టెతో లేపి జూసుకుంటారు. ఆ మాత్రం తెలీదా మన పిలకాయలకు?"

పోయినేడు ఒకటో తరగతి పాపను తేలు కుట్టింది. రాయచోటి ఆసుపత్రి దాకా ఆ పాపను ఒళ్లో పెట్టుకుని పోయింది నేను. సిమెంటే అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా మాలు కలిపాడు. ట్రాక్టరులో విరిగిన బండ ముక్క ఒకటి మిగిలితే దాన్ని మాను వెనక, నీళ్ల డ్రమ్ము పక్కన పడేసి పోయాడు.

జూలై 13

శిక్షణలో చెప్పినట్టు 'మానసిక ఉల్లాసం మూల' అని అట్టమీద రాసి, ఐదు ముఖాల బొమ్మలు అంటించి వరండాలో కట్టాను. పిల్లలు ఏ ముఖం తమదో చూపించాలట. మొదటిరోజు అందరూ నవ్వే ముఖమే చూపించారు. రెండోరోజూ అదే. మూడో రోజు వాన జల్లుకు అట్ట తడిసింది. నాకేం బాధ కలగలేదు.

అసలు మూల ఎక్కడో వాళ్లే కనిపెట్టుకున్నారు. తొక్కుడుబిళ్లలో ఓడిన నాలుగో తరగతి అమ్మాయి మూతి ముడుచుకుని మాను వెనక విరిగిన బండమీద అటు తిరిగి కూర్చుంది. ఎవడో "ఒరే, అలకబండ ఎక్కిందిరా!" అన్నాడు. పేరు నిలిచిపోయింది. సత్యభామకు అలకమందిరం, పెళ్లికొడుక్కి అలకపాన్పు, మా వాళ్లకు ఇది. నియమాలూ వాళ్లవే: ఒక్కరే ఎక్కాలి, లేచేదాకా ఎవరూ పలకరించగూడదు, ఎందుకని అడగగూడదు.

మూడో తరగతి పిల్లవాడొకడు శనివారాలు మాత్రమే ఎక్కుతున్నాడు. హాజరుపట్టీ వెనక చిన్న చుక్కలు పెట్టుకుంటూ వస్తే తెలిసింది. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయి ఏడాదిన్నర. అక్కడ సెలవు శుక్రవారం. ఆ రాత్రి ఫోను వస్తుందని వాళ్ల అవ్వ చెప్పింది.

నియమం నాకూ వర్తిస్తుంది కనుక అడగలేదు.

ఆగస్టు 15

జెండా ఎగరేశాం, బిస్కెట్లు పంచాం, పదకొండుకు అందరూ వెళ్లిపోయారు. కుర్చీలు సర్దడానికి ఆగినవాళ్లు ముగ్గురు. పన్నెండూ ఇరవైకి మబ్బు తొలిగింది.

"మేడమ్, కంబం నీడ పాయె!"

"ఎక్కడికి పాయె?"

"కిందికి దూరిపోయింది."

నిజంగానే లేదు. జెండా కంబం నిటారుగా నిలబడి ఉంది, నేలమీద గీత లేదు. పిల్లవాడు తన నీడకోసం వెతుక్కుంటూ గిరగిర తిరిగాడు. అది వాడి పాదాల కిందే నల్లటి మడుగులా ఉంది. వాడు ఎగిరితే కాస్త కనబడుతోంది. పది నిమిషాలు ముగ్గురూ ఎగురుతూనే ఉన్నారు. నేను కూడా ఒకసారి, ఎవరూ లేరు కదా అని.

కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్నవాళ్లకు ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడని గ్లోబు తిప్పి చెప్పడం నాకు కొత్త కాదు. మా ఊరికి అది దాదాపు ఇదే రోజు. జూన్‌లో మనకు ఉత్తరంగా ఉన్న సూర్యుడు ఇక రేపట్నుంచి దక్షిణానికి జారతాడు. నీడ ఉత్తరానికి.

అన్నం తింటుంటే తట్టింది. బండలు దక్షిణ నైరుతిలో ఉన్నాయి.

అక్టోబరు 5

వాన. చెట్టు కింద బురద. గదిలోనే గోల.

డిసెంబరు 11

మేస్త్రి చెప్పిందే అయింది. మధ్యాహ్నం నీడ మానుకు ఉత్తరంగా పది పన్నెండడుగుల దూరంలో పడుతోంది. నేను సిమెంటు పెట్టించిన పదిహేడు బండలూ రోజంతా ఎండలోనే. పొద్దున తొమ్మిదికి మాత్రం ఫర్వాలేదు. చలికి ముడుచుకుని వచ్చినవాళ్లు నీరెండకు పిట్టల్లా వరసగా కూర్చుంటారు, చదువూ బాగానే సాగుతుంది. పదిన్నరకు బండ కాలుతుంది, లేస్తారు. తర్వాత ఈతచాపలు మోసుకుని నీడ వెంట పోవడమే.

ఈరోజే ఇంకొకటి గమనించాను. అలకబండ నీళ్ల డ్రమ్ము పక్కన లేదు. ఉత్తరం వైపు నీడలో ఉంది. నేలమీద ఒరిపిడి గీతలు వంపుగా మాను చుట్టూ తిరిగొచ్చాయి. కొన్ని పాతబడి గడ్డి మొలిచింది, కొన్ని తాజావి. ఎవరు జరిపారని అడిగితే, ఎక్కేవాళ్లే ఎప్పటికప్పుడు జరుపుకుంటారట. బరువుంటే ఇంకొకరు సాయం. ముందు కట్టెతో ఎత్తి కింద చూడాలట. "మేస్త్రి తాత చెప్పినాడు మేడమ్" అన్నారు. కట్టె కూడా చూపించారు, కానుగ తొర్రలో దాచిన వేపబెత్తం.

జనవరి 19

ఆదివారం. మేస్త్రిని పిలిపించి బండలు పెకలించమన్నాను. గడ్డపారతో సిమెంటు పగలగొట్టడానికి సాయంత్రమైంది. మూడు బండలు విరిగాయి. అలకబండలు నాలుగయ్యాయన్నమాట.

ఆయన పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. కూలి మాత్రం పెట్టినప్పటికంటే వంద ఎక్కువ అడిగాడు. ఇచ్చాను.