ఉప్పుటేరూ, పడవ ఇంజనూ

సుంగై సుమున్ కొబ్బరితోటల్లోని బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడల్లా మేము పేరాక్ నది మొగలో పడవ షికారు చేస్తాం. "నదే కదా, ఉప్పెక్కడిది?" అని ఇంజను కడక్కుండా వదిలేసే మిత్రులున్నారు. పోటు వేళ సముద్రం నదిలోకి ఎక్కి వస్తుంది, బురద సరేసరి. ఆ ఉప్పు ఆరి గడ్డకడితే ఇంజనును చల్లబరిచే సన్నని దారులు మూసుకుపోతాయి, రక్తనాళాలు పూడినట్టే. పిల్లలతో నది మధ్యన ఉండగా ఇంజను ఆగితే, ఆటుకు పడవ సముద్రం వైపు కొట్టుకుపోతుంది.

గట్టెక్కగానే నీళ్ళు పీల్చే రంధ్రాలకు రబ్బరు దొప్పలు తగిలించి, ముందు మంచినీళ్ళు వదిలి, ఆపైనే ఇంజను న్యూట్రల్‌లో నడపాలి. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కితేనే మంచినీళ్ళు లోపలంతా తిరుగుతాయి. కనుక 10 నిమిషాలు తప్పవు. తర్వాత నిలువుగా ఉంచి నీరు కారనివ్వాలి. తుప్పును తనమీద వేసుకునే లోహపు ముక్క జింకుదైతే ఉప్పు తక్కువ నీళ్ళలో పొరకట్టి సరిగా పనిచెయ్యదు. మేము అల్యూమినియందే బిగిస్తాం.