ఊదా మూత గొట్టం

ఇంటర్ బైపీసీ అయ్యాక మా అమ్మాయి "అమ్మా, డీఎంఎల్‌టీ చేస్తా" అంది. మా అత్తయ్యగారు వెంటనే "ఊళ్ళోవాళ్ళ రక్తాలూ, మూత్రాలూ పట్టుకునే పనా?" అని మూతి ముడిచారు.

బాపట్లలో నర్సుగా చేస్తున్న మా ఆడపడుచు మాత్రం "పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో అడుగు వదినా" అంది. మొదట వెళ్ళినచోట అదే అడిగాను. "ఉద్యోగం మేం చూస్తాం కదమ్మా, అడ్వాన్సు కట్టండి" అన్నారు. లేచి వచ్చేశాం. అడిగినదానికి జవాబు రానిచోట డబ్బు కట్టకూడదని చీటీలు నాకెప్పుడో నేర్పాయి.

చివరికి గుర్తింపు ఉన్నచోటే, తెనాలిలో చేరింది. రెండేళ్ళ కోర్సు. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కేది. సాయంత్రం వచ్చి నా చేతికి రబ్బరు పట్టీ కట్టి, ఉత్త వేలితో నరం వెతికేది. "నరం కంటికి కాదమ్మా, వేలికి దొరకాలి" అనేది. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా మందుంటుందట. గట్టిగా ఊపకుండా మెల్లగా తిరగెయ్యాలట.

ఒకరోజు నా కింది కనురెప్ప లాగి చూసి "పాలిపోయావు, రేపే పరీక్ష" అంది. హిమోగ్లోబిన్ 8! మనకి 12 అయినా ఉండాలి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం వయసు వల్లేననుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు డాక్టరుగారు రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను, టీకి దూరంగా.

మొన్న అత్తయ్యగారు మనవరాలి ముందు చెయ్యి చాపారు. "నాదీ చూడవే."