ధాతువు దొరకని ఉపసర్గలు

మా ఇంట వెనకవైపు ఒక చీకటి గది ఉంది. పూర్వం ఊరగాయ జాడీలు కొలువుండేవి. ఇప్పుడు ఒక పాత కంప్యూటరూ, దానికి తగిలించే సామగ్రీ కొలువున్నాయి. జాడీలున్నప్పుడు ఆ గదికి మర్యాద ఉండేదని మా ఆవిడ అభిప్రాయం. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన వాడికి ఈ పిచ్చి ఎలా పట్టిందని అడిగే మిత్రులకు సమాధానంగా ఈ టపా.

1984లో కేంద్ర ప్రభుత్వం పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత కోసం ‘క్లాస్’ అనే పథకాన్ని ఆరంభించింది. మొదటి విడతలో 250 పాఠశాలలు. ఇంగ్లండులో 1981లో అవతరించిన బీబీసీ మైక్రో అనే యంత్రాన్ని అందుకు ఎంచుకున్నారు. తరువాతి విడతలో మా బడికీ కొన్ని వచ్చాయి. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఆ గది తాళంచెవి సైన్సు మాస్టారి దగ్గర ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం, గర్భగుడిలోకి వెళ్ళినట్టు.

ఒకనాడాయన గళ్ళ కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చారు. “పండితులుగారూ, దీనికి తెలుగు రాదట. మనం నేర్పుదామా?” అన్నారు. ఆ యంత్రంలో ఒక అక్షరానికి ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు. ఒక్కొక్క చుక్క వెలగాలి, లేదా వెలగకూడదు. ఒక వరుసను 256 విధాలుగా నింపవచ్చునని ఆయన లెక్కలు వేయబోతే, “ఆ మాత్రం మాకూ తెలుసు లెండి, అనుష్టుప్పు పాదంలో ఎనిమిది అక్షరాలు, గురులఘువుల ప్రస్తారం వేస్తే 256 వృత్తాలు” అన్నాను. ఆయన సంతోషం చూడాలి!

కొత్తగా గీసుకునే అక్షరాలకు మామూలుగా దొరికే స్థానాలు 32. తెలుగు అక్షరం ఒక గడిలో ఇమడదు. రెండేసి గళ్ళు ఇస్తే పదహారు అక్షరాలు. సరిగ్గా అచ్చులు పదహారు! సాయంకాలాలు కూర్చుని అ, ఆ, ఇ, ఈ గీశాం. ‘ఋ’ దగ్గర పేచీ వచ్చింది. అన్ని వంపులు ఎనిమిది వరుసల ఎత్తులో ఎక్కడ పడతాయి? ఎంత గీసినా నలిగిన పురుగులా కనబడేది. “అక్షరాన్ని కుంటిదాన్ని చేసే పనికి నేను రానండీ” అని లేచి వచ్చేశాను. పాండిత్యం కంటే వయసు చేసిన పని అది. తరువాత ఆయన పిలవలేదు. నేను వెళ్ళలేదు. ఇద్దరం బడిలో మర్యాదగానే పలకరించుకునేవాళ్ళం. ఆయనకు బదిలీ అయింది. 2009లో పోయారని తెలిసింది.

1996లో మా బడిలో పనికిరాని సామాను వేలం వేశారు. విరిగిన బల్లలతో పాటు ఆ యంత్రాలూ వచ్చాయి. ఒక యంత్రం, ఒక టేప్ రికార్డరు, ఒక డబ్బాడు క్యాసెట్లు పాడుకున్నాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయాను. వాడుక మాత్రం పదవీ విరమణ తరువాతే మొదలైంది.

సంస్కృత వ్యాకరణంలో ఉపసర్గలు ఇరవై రెండు. ‘ఆ’, ‘నిర్’, ‘సం’, ‘ఉత్’ ఇత్యాదులు. విడిగా నిలబెడితే వాటిని ఏం చేసుకోవాలో తెలియదు. ‘గమ్’ ధాతువు ముందు నిలిపితే ఒకటి వస్తుంది, ఒకటి వెళుతుంది, ఒకటి కలుస్తుంది, ఒకటి పైకి లేస్తుంది. యంత్రానికి తగిలించే ఉపకరణాలూ అంతే. అలమరలో వరుసగా పేర్చి చూసుకుంటే అవి వట్టి ప్లాస్టిక్కు. అందుకే పనిచేయించలేని వస్తువును నేను కొనను.

నా దగ్గర లైట్ పెన్ ఒకటుంది. దాని మొనలో కాంతిని కనిపెట్టే కన్ను ఉంటుంది. తెరమీద ఎలక్ట్రాన్ల పుంజం ఒక్కొక్క గీతే గీసుకుంటూ ఆ మొన కిందికి రాగానే అది సంకేతం పంపుతుంది. ఆ క్షణంలో గీత ఎక్కడుందో దాన్నిబట్టి కలం ఎక్కడుందో యంత్రం గ్రహిస్తుంది. ఇప్పటి పలచని తెరల మీద అటువంటి పుంజమే లేదు గనుక ఈ కలానికి చూపు లేదు. దానికోసం గాజుబుడ్డి టీవీ ఒకటి కాపాడుకుంటున్నాను. ఉపసర్గకు తోడు ఇంకో ఉపసర్గ!

మరొకటి మాట్లాడే సామగ్రి. మీటల పలకకు ఎడమవైపున్న గాడిలో బిళ్ళలు గుచ్చే ఏర్పాటు, లోపల రెండు చిప్పులు. బీబీసీ టెలివిజన్ వార్తలు చదివిన కెన్నెత్ కెండల్ గళం అందులో భద్రపరిచారు. ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి వెతికి తెచ్చిపెట్టింది. ఆయన గంభీరంగా అంకెలు చదువుతూంటే మా మనవడు పకపకా నవ్వుతాడు. అందులో నింపిన ఆంగ్లపదాలే తప్ప మరొకటి పలకదు.

ఇక అసలు సంగతి. వేలంలో వచ్చిన క్యాసెట్లలో ఒకదాని మీద ‘అచ్చులు – 2’ అని సైన్సు మాస్టారి దస్తూరి. రికార్డరులోని రబ్బరు బెల్టు కరిగి బంకగా మారిపోయింది. అది గోకి, కొత్త బెల్టు వేసేసరికి 2018 వచ్చింది. యంత్రానికి కలిపి మీట నొక్కితే తెరమీద ‘డేటా?’ అనే ప్రశ్న. వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కినా అదే.

ఆ టేపులో రాత అంతా ధ్వనే. సున్నకు 1200 హెర్ట్‌జ్ తరంగం ఒకటి, ఒకటికి 2400 హెర్ట్‌జ్ తరంగాలు రెండు, రెంటికీ పట్టే కాలం ఒక్కటే. ఒక గురువుకు రెండు లఘువులు సమానమనే మన మాత్రల లెక్కే కదా! టేపును చదివే హెడ్డు రవ్వంత వాలినా పైస్వరాలు మందగించి లఘువులు చెడతాయి. పక్కనున్న చిన్న మరను తిప్పుతూ, ధ్వని పదునుగా వినిపించేచోట ఆపాలి. చెవితో చేయవలసిన పని. కానీ ఇయర్‌ఫోన్ రంధ్రంలో తీగ ఉన్నంతసేపూ రికార్డరు స్పీకరు మూగదే. అందుకని తీగలన్నీ పీకి, టేపును మొదటికి తిప్పి, మర మీద స్క్రూడ్రైవరు ఆనించి మీట నొక్కాను.

కీచుధ్వనికి బదులు మనిషి గొంతు వచ్చింది. “అచ్చులు, రెండో ప్రతి. ‘ఋ’ నాకు కుదరలేదు. రేపు పండితులుగారిని బతిమాలి కూర్చోబెట్టాలి.” వెనకాల మా బడి గంట. ఆ తరువాత కీచుధ్వని మొదలైంది.

స్క్రూడ్రైవరు చేతిలోనే ఉండిపోయింది. ఆ రేపు ఆయన రాలేదు. వచ్చి ఉంటే నేనేమనేవాణ్ణో ఊహించుకోగలను, అదే బాధ. టేపు ఎంతకాలం నిలుస్తుందో తెలియని భయంతో ముందుగా ఆ గొంతును ఇప్పటి కంప్యూటరులోకి ఎక్కించి ఆయన కుమార్తెకు పంపాను. తరువాతే మర తిప్పాను. నాలుగో ప్రయత్నంలో అచ్చులు తెరమీదికి వచ్చాయి. ‘ఋ’ స్థానంలో అదే నలిగిన పురుగు.

నెల్లాళ్ళు గళ్ళ కాగితం ఖరాబు చేశాను. చివరికి ఒక సంగతి తట్టింది. పదహారూ రెండేసి గళ్ళే వాడాలన్న నియమం ఎవరు పెట్టారు? ‘ఌ’, ‘ౡ’ మన రాతలో ఎవరికి కావాలి? వాటి నాలుగు గళ్ళలో రెండు తెచ్చి, ‘ఋ’ను రెండంతస్తులుగా గీస్తే వంపులన్నీ కుదిరాయి. అప్పట్లో కూర్చుని ఉంటే మరునాటి సాయంత్రానికే తేలేది.

కొత్త క్యాసెట్టు పెట్టి, గొంతు సవరించుకుని, “అచ్చులు, మూడో ప్రతి. ‘ఋ’ కుదిరింది మాస్టారూ” అని చెప్పి, అప్పుడు తీగ గుచ్చాను.