పేరు పట్టించుకోని ఊరు

టోక్యోలో దిగిన ఏ పరదేశి అయినా మొదట చెప్పేది ఒకటే. అంత జనం, అయినా అంత నిశ్శబ్దం! మేమూ అదే చూశాం. షింజుకు స్టేషన్‌లో రోజుకి లక్షల మంది ఎక్కి దిగుతారు. రైల్లో ఫోన్ మాట్లాడేవాళ్లు కనపడలేదు. గడప దగ్గర చెప్పులు విడవడం మాకేం కొత్త కాదు. ఇంట్లోనూ మసీదులోనూ మేం చేసేదే. తిండి దగ్గరే చిక్కొచ్చింది. కూరగాయల రామెన్ అన్నా అడుగున పంది ఎముకల రసం ఉండొచ్చు. అడిగి అడిగి తిన్నాం.

అన్నిటికన్నా కొత్తగా తోచింది వేరే ఉంది. మా పేరు విని ఎవరి ముఖమూ మారలేదు. వాళ్లకి మేం 'గైజిన్'. బయటివాళ్లం, అంతే. ప్రాణానికెంత హాయిగా ఉండిందో!

తర్వాత తెలిసిన సంగతులు వేరు. కోబెలో 1935 నుంచే మసీదుంది. టోక్యోలో 1938లో కట్టారు. అయినా 2010లో టోక్యో పోలీసుల రహస్య కాగితాలు బయటపడితే, మసీదులకి వచ్చేవాళ్ల మీద నిఘా పెట్టారని తేలింది. కోర్టు కాగితాలు బయటపడ్డందుకు పరిహారం ఇప్పించింది గానీ నిఘాని తప్పనలేదు. 2016లో సుప్రీంకోర్టులోనూ అంతే.

ఐనా అక్కడ మమ్మల్ని బయటివాళ్లంటే నొచ్చుకోం. వీసా మీద పోయినోళ్లమే కదా. మా తాతముత్తాతల సమాధులున్న ఈ ఊళ్లో, ఇల్లు కిరాయికి అడిగితే, పేరు విని "వేరేవాళ్లకి ఇచ్చేశాం" అంటారే, ఇక్కడ మేం ఏ వీసా చూపించాలి?