పెడన గుడ్డ, సయాం రాజు

బ్యాంకాక్ వెళ్లొచ్చిన ప్రతివాళ్ల ఫొటోల్లోనూ వాట్ ఫోలో పడుకున్న బుద్ధుడే. 46 మీటర్ల పొడవు, ఒళ్లంతా బంగారు పూత. బాగుంటాడు, కాదనను. నాకు మాత్రం అక్కడ మనసులో పడిపోయింది బట్టల సంగతి. ఒకప్పుడు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజాస్థానంలో కట్టిన అద్దకం బట్టలు మన కోరమాండల్ తీరంలో, వాళ్లు కోరిన డిజైన్లలో తయారై వెళ్లేవి. 17వ శతాబ్దంలో బందరు నుంచి ఓడలు తెనాసెరిం వైపు సాగేవి. అక్కణ్ణుంచి సరుకు కొండదారిన అప్పటి సయాం రాజధాని అయుత్థయ చేరేది.

తిరిగొచ్చాక, ఆ అద్దకం పని, అంటే కలంకారీ, ఇప్పటికీ సాగే పెడన వెళ్లాను. ఇంత దగ్గరున్న ఊరికి విమానం దిగాక వెళ్లడమేంటని మా ఆవిడ నవ్వింది.

షెడ్డులో ఒకాయన రంగులో ముంచిన టేకు అచ్చును గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తున్నాడు. పాత ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరిన రంగు అది. గిన్నెలో చూస్తే అంత నల్లగా ఏం లేదు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డకు తగలగానే మన కళ్ల ముందే నల్లబడింది! ఎరుపుది ఇంకో తంతు: ముందు పటిక అచ్చు, ఆ తర్వాత ఉడకబెట్టడం.

బెజవాడ షాపుల్లో కలంకారీ అని అమ్మేదాంట్లో చాలావరకు స్క్రీన్ ప్రింటే. అడిగితే మొహం చిట్లిస్తారు.

వెళ్లేవాళ్లు మచిలీపట్నం ప్యాసింజరెక్కి పెడనలో దిగిపోండి. వానాకాలం మాత్రం వద్దు, గుడ్డ ఆరక పని సాగదు.