మెమో ఫైలు నేర్పిన పాఠం

మెమో ఫైలు పాడైతే మనకు ముందు గుర్తొచ్చేది కరెంటే. నేనూ దాన్నే తిట్టాను. అప్పట్లో ఒక నర్సింగ్ హోమ్‌కి ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రోగుల రికార్డు ప్రోగ్రాం రాసిచ్చాను. డాక్టరుగారి నోట్సు ఒకరికి రెండు లైన్లు, ఇంకొకరికి రెండు పేజీలు ఉంటుంది కాబట్టి దాన్ని మెమో ఫీల్డులో పెట్టాను. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ఇద్దరు రోగుల రికార్డుల్లో ఒకే నోట్సు కనిపించింది. ఒక గర్భిణి పేరు కింద వేరొకరి షుగర్ మందులున్నాయి.

మెమోలో రాసింది టేబుల్ ఉండే డీబీఎఫ్ ఫైల్లో ఉండదు. అక్కడ ఉండేది బ్లాకు నంబరు. అసలు మ్యాటరు అదే పేరుతో ఉన్న ఎఫ్‌పీటీ ఫైల్లో ఉంటుంది. మెమో ఫైలంటే ఇదే. దాని మొదటి 512 బైట్లు హెడరు. అందులో తొలి 4 బైట్లు తర్వాతి ఖాళీ బ్లాకు ఎక్కడుందో చెబుతాయి. కొత్త నోట్సు సేవ్ చేయాలంటే మ్యాటరు రాయాలి, ఆ 4 బైట్లు మార్చాలి, డీబీఎఫ్‌లో నంబరు వేయాలి. వీటి మధ్యలో మెషీను ఆగినా, నెట్‌వర్క్ తెగినా లెక్క తప్పుతుంది. మాకు జరిగిందీ అదే. హెడరులోని నంబరు వెనకబడిపోయింది. దాంతో తర్వాత రాసిన నోట్సు ముందు రోగి నోట్సు మీదే పడింది.

కరెంటు పోవడం నా చేతిలో లేదు. కానీ పొద్దున తెరిచిన టేబుల్‌ని రాత్రిదాకా మూయకుండా వదిలేసింది నేనే. అంతకన్నా పెద్ద తప్పు బ్యాకప్‌ది. రోజూ డీబీఎఫ్ ఫైళ్లే కాపీ చేసేవాణ్ణి, ఎఫ్‌పీటీని వదిలేసేవాణ్ణి. తీరా అవసరపడితే ఆ కాపీ తెరుచుకోనే లేదు. పాడైన ఎఫ్‌పీటీలోంచి మిగిలిన నోట్సులు బయటికి తీశాను గానీ, ఏది ఎవరిదో తెలియలేదు. డాక్టరుగారు కూర్చుని ఒక్కొక్కటే చదివి, గుర్తుపట్టగలిగినవి చెప్పారు. మిగతావి పోయినట్టే. రోగుల వైద్యానికి సంబంధించిన విషయం కావడంతో ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. టైపు చేసేది ముందు వేరియబుల్లో ఉంచి, పూర్తయ్యాక ఒక్క రిప్లేస్ కమాండ్‌తో రాసి, వెంటనే ఫ్లష్ చేసి టేబుల్ మూసేస్తాను. ప్యాక్ కమాండ్ ఫైలు మొత్తాన్ని తిరగరాస్తుంది కాబట్టి, అందరూ బయటికొచ్చి బ్యాకప్ తీశాకే దాని జోలికి వెళ్తాను. డీబీఎఫ్, ఎఫ్‌పీటీ, ఇండెక్స్ మూడూ ఒకేసారి కాపీ చేస్తాను.

ఫాక్స్‌ప్రో తర్వాతి రూపమైన విజువల్ ఫాక్స్‌ప్రోకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015లో ఆగిపోయినా, దానితో పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు నా మాట ఒకటే: ఇవాళ తీసిన బ్యాకప్‌ని ఇవాళే వేరే మెషీన్లో తెరిచి, ఒక మెమో మొదలు నుంచి చివరిదాకా చదవండి.