గ్రంథాలయంలో తిరగమాత

మా ఊరి గ్రంథాలయం నుంచి ఫోన్ వచ్చింది. ఓహాయో రాష్ట్రంలో కొలంబస్ పక్కన చిన్న ఊరు మాది. గ్రంథాలయంలో నెలకోసారి ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి నేర్పుతుంటారు. పోయిన నెల ఊలు అల్లిక, అంతకుముందు తేనెటీగల పెంపకం. ఈసారి భారతీయ వంట, మసాలా దినుసుల పరిచయం పెట్టుకుందామనుకుంటున్నాం, గంటన్నర సేపు, మీరు వస్తారా అని అడిగారు. పాత పుస్తకాలు అమ్మిన రోజున నేను పట్టుకెళ్ళిన పులిహోర వాళ్ళకింకా గుర్తుందట. సరేనన్నాను. ఫోన్ పెట్టేసే ముందు అక్కడి ఉద్యోగిని ఇంకో మాట అడిగింది.

"కర్రీ పౌడర్ మీరే తెచ్చుకుంటారా, మమ్మల్ని కొనమంటారా?"

వంటింట్లోకి వెళ్ళి అలమర తెరిచి చూశాను. పోపులపెట్టె ఉంది. కూరకారం, కందిపొడి, సాంబారు పొడి, అమ్మ పంపిన నల్లకారం ఉన్నాయి. కర్రీ పౌడర్ లేదు. ఇక్కడికొచ్చిన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ కొనలేదు. ఇక్కడి ఏ దుకాణానికి వెళ్ళినా మన వంటకి ప్రతినిధిగా పసుప్పచ్చగా నిలబడేది ఆ సీసా ఒక్కటే. అది మన వంటింట్లో పుట్టింది కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులు చేసి ఇంగ్లండు తిరిగెళ్ళిన దొరలకి నాలుక మీద రుచి మిగిలింది, వంటవాడు మిగల్లేదు. ఆ లోటు తీర్చడానికి దినుసులన్నీ కలిపి దంచి అమ్మారు. అంతకన్నా ముందే, 1747లో హన్నా గ్లాస్ అనే ఆవిడ లండన్‌లో అచ్చువేసిన వంటల పుస్తకంలో 'ఇండియా పద్ధతి కర్రీ' ఉంది. మన ఊళ్ళో ఏ కూరకి ఆ కూర దినుసులుంటాయి. ఆ సీసాకి మాత్రం లోకంలోని కూరలన్నీ ఒకటే.

వాళ్ళని వెక్కిరించే అర్హత నాకు లేదు. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ నేను కాఫీ కూడా కలుపుకోలేదు. ఇక్కడికొచ్చిన మొదటి వారం, అమ్మ పొట్లాలు కట్టి పంపిన ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ అన్నీ తీసి, కందిపప్పుతో పాటు కుక్కర్లో వేసి, నీళ్ళు పోసి మూత పెట్టేశాను. అమ్మ పప్పులో ఇవన్నీ ఉంటాయి కదా, ఇందులోనూ ఉన్నాయి, ఇంకేం కావాలి? మూత తీస్తే ఆవాలు ఉబ్బి నల్లపూసల్లా తేలుతున్నాయి. మెంతుల చేదు పప్పంతా పాకింది. ఇంగువ కంపు రెండు రోజులు వదల్లేదు. సరుకులో లోపమేమీ లేదు. ఏది ఎప్పుడు వెయ్యాలో నాకు తెలీదు, అంతే. గంటన్నరలో చెప్పగలిగిందీ, చెప్పాల్సిందీ ఆ ఒక్క సంగతేనని అలమర ముందు నిలబడే అనుకున్నాను.

ఇక్కడివాళ్ళకి కొలతలు కావాలి. అవి రాసుకుందామని అమ్మకి వీడియో కాల్ చేశాను.

"అమ్మా, తిరగమాతలో ఇంగువ ఎంత వేస్తావు?"

"చిటికెడు."

"చిటికెడంటే ఎంత? పావు స్పూనా, ఇంకా తక్కువా?"

"చిటికెడంటే చిటికెడేరా. రెండు వేళ్ళ మధ్య ఎంత పడితే అంత."

"పోనీ, నూనె ఎంతసేపు కాగాలి?"

"ఒక ఆవగింజ వేసి చూడు. అదే చెబుతుంది."

కాగితం మీద ఏమీ రాసుకోలేదు. కానీ ఆ చివరి మాట పట్టుకునే పాఠం మొత్తం అల్లుకున్నాను.

ఆ శనివారం పద్నాలుగు మంది వచ్చారు. అందులో ఒక రిటైరైన సైన్సు మాస్టారు, కాలేజీ పిల్లలు ఇద్దరు, మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ ఒకరు ఉన్నారు. ఇంటి దగ్గరే టమాటా పప్పు వండి పట్టుకెళ్ళాను, తిరగమాత మాత్రం పెట్టకుండా. గ్రంథాలయం వాళ్ళు ఇచ్చింది ఇండక్షన్ పొయ్యి. మా పోపు గరిటె అడుగు గుండ్రం, దాని మీద నిలవదు. అందుకని అడుగు సమంగా ఉన్న చిన్న ఇనప మూకుడు తీసుకెళ్ళాను.

ముందు పోపులపెట్టె చేతులు మారింది. పసుపు అందరికీ తెలుసు. పాలల్లో కలిపి కాఫీ కొట్టుల్లో అమ్ముతున్నారు, మాత్రలు చేసి మందుల షాపుల్లో అమ్ముతున్నారు. మా తెనాలి నుంచి బెజవాడ వెళ్ళే పాసింజరు ఆగే దుగ్గిరాలలో, పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టి బస్తాల్లో యార్డుకి చేరుస్తారని చెప్పాను. దెబ్బ తగిలితే పసుపద్దడం మా ఇళ్ళల్లో అమ్మమ్మల వైద్యం. అదే సంగతికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారనీ, మన దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు ముందు పెట్టి వాదిస్తే 1997లో రద్దు చేశారనీ చెబితే సైన్సు మాస్టారు గట్టిగా నవ్వాడు.

ఇంగువ డబ్బా మూత తియ్యగానే సగం మంది మొహాలు ముడుచుకున్నాయి. వాళ్ళ తప్పేం లేదు. అది అఫ్ఘానిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే ఒక మొక్క వేరుకి గాటు పెడితే కారే జిగురు. మన దేశం తరతరాలుగా తినడమే గానీ పండించింది లేదు. హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటడం మొదలైంది 2020లో. డబ్బాలో దొరికేది పిండి కలిపిన ఇంగువ. ఈ మాట అనగానే కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఏం పిండి? తనకి గోధుమ పడదట. డబ్బా తిప్పి చదివితే గోధుమపిండి! ఇన్నేళ్ళుగా వాడుతూ ఆ వైపు ఎప్పుడూ చదవలేదు నేను. ఆ అమ్మాయి వాటా పప్పు ముందే వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టాను. మీ ఇంటికి ఇక్కడి వాళ్ళెవరైనా భోజనానికి వస్తే, ముందు ఇంగువ డబ్బా చదవండి.

తర్వాత ఆవాలు. ఇదీ నేను అనుకున్న అసలు పాఠం. ఒక్కొక్కరి చేతిలో నాలుగు గింజలు పెట్టి నమలమన్నాను. మొదట ఏమీ లేదన్నారు, కాస్త చేదన్నారు. కాసేపటికి ఒకరి తర్వాత ఒకరు ముక్కు పట్టుకున్నారు. ఆవగింజ లోపల ఘాటు తయారుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలాక, అందులో విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి ఘాటు పుట్టిస్తాయి. పచ్చి ఆవపిండిలో చల్లటి నీళ్ళు పోసి ఐదు నిమిషాలాగి వాసన చూడమంటే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మరుగుతున్న నీళ్ళు పోసిన రెండో గిన్నెలో ఘాటు లేదు, చేదు మిగిలింది. ఇక మూడోది, కాగిన నూనెలో చిటపటలాడిన ఆవాలు. నమిలితే జీడిపప్పు వేయించినట్టు కమ్మగా ఉన్నాయన్నారు. వేడికి ఆ ఘాటు పుట్టించే గుణం చచ్చిపోతుంది.

ఒకటే గింజ, మూడు రుచులు. ఇది మన అమ్మలకి రసాయనశాస్త్రం చదవకుండానే తెలుసు. అందుకే తిరగమాతలో ఆవాలు వేయిస్తారు. అరటికాయ ఆవపెట్టిన కూరలోనూ, పనసపొట్టు కూరలోనూ మాత్రం పచ్చి ఆవ నూరి, పొయ్యి కట్టేశాక, కూర వేడి తగ్గాక కలుపుతారు. అందులో చింతపండు పులుపు ఉండాల్సిందే. పులుపు తగిలితే ఆవ ఘాటు తొందరగా పోదు. ఆవకాయలో మామిడి పులుపు చేసేదీ అదే. ఆవకాయ పేరులోనే ఆవ ఉందనీ, దాన్ని కారపు ఊరగాయ అనుకుని తినే మా పిల్లలకి కూడా ఆ సంగతి తెలీదనీ చెప్పాను.

ఇప్పుడు తిరగమాతకి మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది. నూనె పోసి, ఒక ఆవగింజ వేసి ఆగాను. అడుగున కూర్చుంది. ఇంకాస్త ఆగాను. చిట్లి పైకెగిరింది. అదే చెబుతుంది అంటే ఏమిటో గదిలో అందరికీ తెలిసింది. మినప్పప్పు వేశాను, ఎర్రబడడానికి దానికి కాస్త సమయం కావాలి. తర్వాత ఆవాలు, ఎండుమిర్చి. జీలకర్ర తొందరగా మాడుతుంది కాబట్టి దాని తర్వాత. ఇంగువ ఇంకా తర్వాత. వేడి నూనెలో పడగానే దాని కంపు పోయి, ఉల్లీ వెల్లుల్లీ వేగినట్టు వాసనొచ్చింది. మొహాలు ముడుచుకున్నవాళ్ళే ముందుకి వంగారు. ఉల్లి తినని ఇళ్ళల్లో ఇంగువకి అంత మర్యాద ఎందుకో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ దినుసుల వాసనా రుచీ చాలావరకు నీళ్ళల్లోకి దిగవు, నూనెలోకి దిగుతాయి. ఆ నూనె పప్పులో కలిస్తే మొదటి ముద్ద నుంచి ఆఖరి ముద్ద దాకా రుచి ఒకేలా ఉంటుంది. నా మొదటి వారం కుక్కర్లో లేనిది ఆ నూనే.

ఆఖర్న కరివేపాకు. మా పెరటి చెట్టుదే, కాకపోతే ఆ చెట్టు ఆరు నెలలు కుండీలో, హాల్లో కిటికీ పక్కన ఉంటుంది. ఇండియా నుంచి పచ్చి కరివేపాకు తేనివ్వరు. నిమ్మ, నారింజ తోటలకి తెగులు మోసే పురుగు దీని మీద బతుకుతుంది. అందుకని మంచు కురిసే ఊళ్ళో ఒక మొక్కని చంటిపిల్లలా సాకుతుంటాం.

ఎండుమిర్చి మాత్రం నా మాట వినలేదు. కరివేపాకు చిటపటల గొడవలో వేడి తగ్గించడం మరిచిపోయాను. మిర్చి నల్లబడింది. ఆ ఘాటుకి గదంతా దగ్గు. ఉద్యోగిని పరుగెత్తుకొచ్చి తలుపులన్నీ బార్లా తెరిచింది. పక్క గదిలో కథలు వింటున్న పసిపిల్లలు కూడా దగ్గారు. చిన్నప్పుడు గుంటూరు మిర్చి యార్డు పక్కగా బస్సు వెళ్తుంటే మేం ఇలాగే దగ్గేవాళ్ళం. దగ్గనిది మెక్సికో పెద్దావిడ ఒక్కతే. నా దగ్గరికొచ్చి, మూకుట్లో మిర్చిని చూసి, "మా అమ్మ పెనం మీద మిరపకాయలు కాల్చిన రోజున మా ఇల్లూ ఇంతే" అంది. కాస్త ఆగి, "అయినా ఇది మాది కదా?" అంది.

నిజమే, వాళ్ళదే. మిరప అమెరికా ఖండాల మొక్క. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాక, ఆ వెనక పోర్చుగీసు ఓడల్లో మన తీరానికొచ్చింది. శ్రీనాథుడూ, అన్నమయ్యా మిరపకాయ ఎరగరు. వాళ్ళ కారం మిరియాలది. మిరియం పేరునే కొత్తగా వచ్చిన కాయకి తగిలించి మిరపకాయ అన్నాం. తమిళులూ అంతే, మిళగు నుంచి మిళగాయ్. టమాటా కూడా ఆవిడ దేశం వైపు నుంచి వచ్చిందే.

సైన్సు మాస్టారు ఊరుకోలేదు. "మిర్చి, టమాటా వీళ్ళవి. ఇంగువ అఫ్ఘానులది. మరి దీంట్లో ఇండియాది ఏముంది?" అన్నాడు. కందిపప్పు, పసుపు మావేనని చెప్పి తప్పించుకోబోయాను గానీ, సరైన జవాబు అది కాదనిపించింది. మూకుడు చూపించాను. బెంగాలులో ఇదే మూకుట్లో జీలకర్ర, మెంతులు, సోంపు, ఆవాలు, నల్ల జీలకర్ర ఐదూ కలిపి వేస్తారు. కాశ్మీరు పండితుల ఇళ్ళల్లో సోంపు పొడీ శొంఠిపొడీ లేకుండా మాంసం ఉడకదు. గుజరాతీ పప్పులో బెల్లం పడుతుంది. మా జిల్లాలోనే వీధికో పద్ధతి. దినుసు ఎక్కడిదైనా కానివ్వండి, దాన్ని నూనెలో ఏ క్షణాన వెయ్యాలో, ఎప్పుడు దించాలో ఇన్ని రకాలుగా తేల్చుకోవడమే మాది అన్నాను. ఆయన తలూపాడు. ఒప్పుకున్నాడో, ఆకలేసిందో చెప్పలేను.

తిరగమాత పప్పు మీద పోస్తే చుయ్యిమంది. అన్నంలో పప్పూ నెయ్యీ వేసి పెట్టాను. కారం తగిలినవాళ్ళు నీళ్ళ కోసం చూశారు. నీళ్ళతో మంట తగ్గదు, కారం నీళ్ళల్లో కరగదు. పెరుగన్నం తినమన్నాను. మా భోజనం పెరుగుతో ఎందుకు ముగుస్తుందో కూడా అలా పాఠంలో కలిసిపోయింది.

రాత్రి అమ్మకి చెప్పాను, మిర్చి మాడిందని కూడా. "ఎండుమిర్చి వేశాక మంట తగ్గించాలని చెప్పలేదుట్రా? అదేనా నువ్వు వాళ్ళకి నేర్పింది?" అంది.

మళ్ళీ పిలిచారు. ఈసారి మెక్సికో పెద్దావిడా నేనూ కలిసి చెబుతున్నాం, ఆవిడ పెనమూ నా మూకుడూ పక్కపక్కన. మీ ఊళ్ళో ఎవరైనా మిమ్మల్ని అడిగితే, నాకేం వచ్చునని వెనకాడకండి. కర్రీ పౌడర్ కొనొద్దని చెప్పండి. దినుసులు పొడులుగా కాకుండా గింజలుగా, కొంచెం కొంచెంగా కొనుక్కోమనండి. పోపులపెట్టె, మూకుడు, ఒక గిన్నెడు పప్పు పట్టుకెళ్ళండి. కిటికీలు తెరుచుకునే గది మాత్రం ముందే అడిగి పుచ్చుకోండి.